పుస్తకం దేని మీద పెట్టి ఇచ్చారు?

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ ఎక్కువే. కాకపోతే మా నాయన కోపం ఎడ్ల మీద పోయేది, మా అమ్మ కోపం గిన్నెల మీద పోయేది. నేను చదువుకున్నదాన్ని కదా, నా కోపానికి మనుషులు కావాల్సి వచ్చారు. వనపర్తిలో ఒక సదస్సులో నాకంటే చిన్నవాడైన ఒక పరిశోధక విద్యార్థిని నిండు సభలో నిలబెట్టి పరువు తీశాను. ఆ సంగతే ఇది. ఇప్పుడు పశ్చాత్తాపపడి మంచిదాన్ననిపించుకుందామని రాయడం లేదు. అంత మంచిదాన్ని కాదు.

రెండు వేల దశకం మొదట్లో నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాలమూరు మెట్ట సేద్యంలో వాడే మాటలు నా అంశం. మాది గద్వాల దగ్గర ధరూర్ వైపు. పడమటికి కాస్త పోతే కన్నడ ఊళ్లు. వేరుశనగ, పత్తి వేసే ఇంట్లో పుట్టాను కాబట్టి మాటలకేం కొదవ అనుకుని, మా నాయనను చేనుగట్టు మీద కూర్చోబెట్టి రెండు నోటుబుక్కులు నింపుకుని పోయాను. మా గైడు సారు రెండు పేజీలు తిప్పి బుక్కులను బల్ల మీద నావైపు తోశారు.

"ఇవన్నీ ముద్రణలో ఉన్నాయా?"

"మా నాయన చెప్పిండు సార్."

"మీ నాయన చెప్పాడని నన్ను సంతకం పెట్టమంటావా అమ్మా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను. మా నాయన మాటకు అట్లా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ముద్రణలో ఎక్కడుందో కూడా సారే చెప్పారు. మునుపెప్పుడో ఒక బడిపంతులు కృష్ణకు రెండు దిక్కులా ఊరూరూ తిరిగి సేద్యం మాటలన్నీ పోగేసి, మద్రాసులో అచ్చు వేయించాడట. మన దగ్గర ఏ లైబ్రరీలోనూ అది లేదు. కలకత్తాలో జాతీయ గ్రంథాలయంలో ఒక్క ప్రతి ఉంది. ఆ పుస్తకం చూడకపోతే నా మూడో అధ్యాయం లేదు. అది లేకపోతే డిగ్రీ లేదు. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. ఇంట్లో "ఇంకొక్క ఏడాది" అని మూడేళ్లుగా చెప్తున్నాను.

శాఖ నుంచి ఉత్తరం రాయించుకుని, రెండు ఫొటోలు పట్టుకుని కలకత్తా పోయాను. పాఠకురాలి కార్డు మొదటి రోజే ఇచ్చారు. పుస్తకం మాత్రం రెండు రోజులు దొరకలేదు. తప్పు నాదే. క్యాటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పైన గీతలు కింద చుక్కలతో ఉన్నాయి. నేను ఆ పంతులును అతని పేరుతో వెతుకుతున్నాను. అతను ఇంటిపేరు కింద ఉన్నాడు. స్వెట్టరు వేసుకున్న ఒక బెంగాలీ ఆవిడ నా తంటా చూసి, వచ్చీరాని హిందీలో "పేరు తిరగేసి చూడు" అంది. తిరగేస్తే దొరికింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడే పుస్తకం తెచ్చింది. చేతికివ్వలేదు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు చిన్న దిండొకటి బల్ల మీద వేసి, దాని మీద పెట్టి తెరిచింది. కాగితం అప్పడంలా ఉంది. గట్టిగా ఊదితే విరిగేట్టుంది. జిరాక్సు కుదరదు, పెన్ను వాడొద్దు, పెన్సిలుతో రాసుకో అంది. పదకొండు రోజులు రాసుకున్నాను. ఒక్కొక్క మాటా రాస్తుంటే మా నాయన గొంతే వినబడేది. ఆయన చెప్పిన మాటలు ముప్పాతిక వంతు అందులో ఉన్నాయి. చూశారా సారూ అని అక్కడే గట్టిగా అరవాలనిపించింది. బెంగాలీ ఆవిడ ఊరుకోదని ఊరుకున్నాను.

తిరుగు రైల్లో నోటుబుక్కు చదువుకుంటుంటే ఒక తప్పు కనబడింది. పుస్తకంలో అన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. గుంజకూ గుండుకూ మధ్య నేను "కుంటె" అని రాసి ఉన్నాను. అక్కడ ఉండాల్సింది గుంటక. విత్తనం వేసే ముందు ఎడ్లను కట్టి చేను మీద తోలే పనిముట్టు. కన్నడం గాలి తగిలే మా ఊళ్లలో దాన్ని కుంటె అంటారు. కన్ను గుంటక అని చదివింది, చెయ్యి మాత్రం మా నాయన మాట రాసింది. కిందనే "కుంటె తోలుట: విత్తుటకు ముందు చేయు పని" అని కూడా రాశాను. నవ్వుకున్నాను. దిద్దుదామంటే రైలు ఊగుతోంది, సాఫుగా రాసేటప్పుడు చూద్దామని వదిలేశాను.

సారు "చూసి ఇస్తా" అని నోటుబుక్కు తీసుకున్నారు. వారమన్నారు, నెలలైంది. అడిగితే ఇంట్లో ఎక్కడో ఉందనేవారు. ఇంకోసారి అడిగితే, "అంత నమ్మకం లేకపోతే గైడును మార్చుకో" అన్నారు. గడువు దగ్గర పడుతుంటే నేను ఆయన గది ముందు బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయన నన్ను దాటుకుని క్యాంటీనుకు పోయేవారు.

అట్లా ఉండగా వనపర్తి కాలేజీలో సదస్సు పెట్టారు. సారు అధ్యక్షులు. ఆయన దగ్గరే కొత్తగా చేరిన ఒక అబ్బాయి పత్రం చదివాడు. ఉప్పునుంతల వైపువాడు. సన్నగా ఉంటాడు. ఇస్త్రీ చేయించిన చొక్కా మడతలు కూడా ఇంకా పోలేదు. నన్ను అక్కా అని పిలిచి, ఎక్కడ కనబడినా లేచి నిలబడేవాడు. రెండో పేజీకొచ్చేసరికి నా ఒళ్లు మండిపోయింది. మాటలు నావి. వరస నాది. పదకొండు రోజులు నేను వేళ్లు కాయలు కాసేట్టు రాసుకున్నవి, వాడు నీళ్లు తాగినట్టు చదువుతున్నాడు.

అప్పుడు వచ్చింది కుంటె. వాడు దాన్ని కుంట అనుకున్నాడు. వాళ్ల దిక్కు ఆ పనిముట్టును గుంటక అనే అంటారు, కుంటె అనే మాట వాళ్ల చెవిన పడి ఉండదు. కుంటె తోలుట అంటే విత్తే ముందు కుంటలో నీళ్లను చేను మీదికి తోలడమని, మెట్ట రైతుల నీటి వాడకానికి ఇది గొప్ప ఆధారమని ఒక పేజీ రాశాడు.

నేను లేచాను. వేదిక మీద సారు నన్ను చూశారు. నోటుబుక్కు నేను ఆయనకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. వీడి చేతికి ఎట్లా వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. కానీ నా డిగ్రీ మీద సంతకం పెట్టాల్సింది ఆయన. కొట్టాల్సినవాడు పైన కూర్చున్నాడు, చేతికి అందేవాడు కింద నిలబడ్డాడు. నేను అందినవాణ్ణి కొట్టాను.

"తమ్ముడూ, ఈ పుస్తకం నువ్వు కలకత్తాలో చూసినవా?"

వాడు సారు వైపు చూశాడు. సారు కాగితాలు సర్దుకుంటున్నారు.

"చూసిన అక్కా," అన్నాడు.

"కుంటె ఏ అక్షరంల ఉంది?"

"క లనే ఉంటది గద అక్కా."

"ఉంటదా, ఉందా?"

నవ్వులు మొదలయ్యాయి. నాకు నవ్వులు బాగున్నాయి. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి. ఎన్ని నెలలుగానో నన్ను చూసి నవ్వినవాళ్లే వాళ్లంతా.

"సరే. అక్కడ పుస్తకం నీకు దేని మీద పెట్టి ఇచ్చిండ్రు?"

వాడు పత్రంలో పేజీలు వెనక్కి తిప్పాడు.

"చెప్పు తమ్ముడూ, చూసినోళ్లు ఎవరూ మరిచిపోరు. దేని మీద పెట్టి ఇచ్చిండ్రు?"

"బల్ల మీద..." అన్నాడు మెల్లగా.

నేను సభ వైపు తిరిగి అంతా చెప్పాను. పుస్తకంలో ఉన్నది గుంటక, కుంటె అని పొరపాటున రాసింది నేను, ఆ పొరపాటు భూమ్మీద నా నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేదు అని. "కుంటె అంటే ఎడ్లు గుంజేది. ఈ తమ్ముడు దాంట్ల ఈత కొడ్తుండు," అన్నాను. సభ గొల్లుమంది. ఒకాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నోటుబుక్కు ఎవరి దగ్గరుందో ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సారు మైకు దగ్గరికి జరుపుకుని, "మూలం చూడకుండా రాసేవాళ్లకు ఇదొక పాఠం," అని, చప్పట్లు కొట్టమన్నారు. నాకోసం. కొట్టారు.

సాయంత్రం బస్టాండులో గద్వాల బస్సు కోసం నిలబడి ఉంటే వాడు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితాలు.

"అక్కా, సారు నాకు గివే ఇచ్చిండు. మీ పేరు యాడ లేదు, సూడుండ్రి. 'నేను కలకత్త పోయి రాసుకొచ్చిన, నువ్వు వాడుకో' అన్నడు. ఎవలన్న అడిగితె సూసిన అని చెప్పు, లేకుంటె పత్రం తీస్కోరు అన్నడు."

నాకు తెలుసు. వాడు చెప్పకముందే తెలుసు. అక్కడ కాస్త మంచిమాట చెప్పి ఉంటే పోయేది. అప్పటికి నా కోపం ఇంకా చల్లారలేదు.

"ఎవరిచ్చినా నీ బుద్ధి ఏమైంది? విత్తే ముందర ఏం తోలుతరో తెల్వదా? సేద్యం చేసేటోళ్ల ఇంట్ల పుట్టలేదా నువ్వు?"

వాడు కాగితాలు మడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మాకు భూమి లేదక్కా. అమ్మ, నాయన వలస పోతరు, కంకర పనికి. ఎడ్ల ఎనక నడిసినోళ్లు మా ఇంట్ల ఎవలు లేరు. అందుకే సదువుకొని తెల్సుకుందామనుకున్న."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. వాడు ఉన్నాడో పోయాడో తిరిగి చూడలేదు.

మరుసటి వారం నోటుబుక్కు సారు ఇంట్లో దొరికింది. ఆయనే పిలిచి ఇచ్చారు, టీ కూడా ఇచ్చారు. ఆ సభ సంగతి ఇద్దరం ఎత్తలేదు. మేం ఎత్తకుండా ఉండడం మీదే నా డిగ్రీ నిలబడింది. కుంటెను గుంటకగా దిద్దాను. సిద్ధాంతగ్రంథం ఇచ్చాను, ఉద్యోగం వచ్చింది, తర్వాత పుస్తకంగా అచ్చు వేశాను. మొదటి పేజీలో "నా చేయి పట్టుకుని నడిపించిన గురువుగారికి" అని సారుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన ఇచ్చిన ముందుమాటా ఉంది. నిబంధన ప్రకారం ఒక ప్రతి జాతీయ గ్రంథాలయానికి పంపించాం. ఇప్పుడు నా అబద్ధం కూడా ముద్రణలో ఉంది. కలకత్తాలో దాన్ని భద్రంగా చూసుకుంటారు. ఆ అబ్బాయి పత్రాన్ని సదస్సు సంచికలో వేయలేదు. వాడు ఆ ఏడాదే చదువు మానేశాడని ఎవరో అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ దశకం చివర్లో పరీక్షల డ్యూటీ మీద నాగర్‌కర్నూల్ పోయాను. ప్రమోషన్ ఫైలుకు నా పుస్తకం మొదటి పేజీల జిరాక్సులు కావాలి. బస్టాండు దగ్గర ఒక కొట్లోకి పోతే మెషీను వెనక వాడు. కాస్త ఒళ్లు చేశాడు. గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు.

"ఎన్ని పేజీలు అక్కా?"

చెప్పాను. పుస్తకాన్ని అద్దం మీద బోర్లించి వీపు మీద అరచెయ్యి పెట్టి ఒత్తాడు. వెలుగు ఒకసారి అటు పోయి ఇటు వచ్చింది. బయటికొచ్చిన కాగితం సరిగ్గా పడిందో లేదోనని చూశాడు. గురువుగారికి కృతజ్ఞతల పేజీ అది. చదివినట్టున్నాడు. మొహంలో ఏమీ మారలేదు. కాగితాలు తట్టి సమం చేసి, గుండుపిన్ను గుచ్చి ఇచ్చాడు.

నేను మెట్టు దిగుతుంటే పిలిచాడు.

"అక్కా, ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. ఆ పుస్తకం దేని మీద పెట్టి ఇస్తరు?"

ఎగతాళి కాదు. అన్నేళ్లుగా ఎవరినీ అడగలేక మోసుకు తిరిగిన ప్రశ్న అది. వాడికి దాన్ని తగిలించింది నేనే.

"దిండు మీద," అన్నాను. "చిన్న దిండు."

వాడు మెషీను మూత దించాడు.

"గంతేనా అక్కా?"

"గంతే."