ఆర్విడ్ చక్రాల పీటలు

మా ఊళ్ళో పని లేకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. కొత్తవాళ్ళు దీన్ని పొగరనుకుంటారు. పొగరు కాదు, అవతలివాళ్ళకు ఇబ్బందేమోనన్న బెరుకు. మిన్నెసోటాలో ఈ బెరుకుతోనే పుడతాం, దీనితోనే పోతాం. మా పక్కింటి ఆర్విడ్ సోలీకి అది అందరికంటే ఓ పాలు ఎక్కువే.

ఆర్విడ్ ధాన్యం గిడ్డంగిలో యంత్రాలు బాగుచేసి రిటైరైనవాడు. అతని గ్యారేజీలో ఓ పాత ప్లిమత్ కారుంది. కారంటే ఒళ్ళు మాత్రమే. ఇంజను విప్పి ఓ మూల, చక్రాలు ఇరుసులతో సహా విప్పి ఇంకో మూల పెట్టుకున్నాడు. వేసవంతా అది గ్యారేజీ నడిమధ్య దిమ్మల మీద కూర్చుంటుంది, చుట్టూ తిరుగుతూ అతను తుప్పు గీకుతుంటాడు. మంచు పడేముందు మాత్రం దాన్ని గోడవారకు జరపాలి. లేకపోతే రోజూ తిరిగే ట్రక్కు లోపల పట్టదు, బయట వదిలేస్తే మా చలికి పొద్దున్న అది కదలదు. మంచు కరిగాక కారు మళ్ళీ నడిమధ్యకు రావాలి.

చక్రాల్లేని కారును జరపడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కింద పలకలు పరిచి, పలకల కింద ఇనప గొట్టాలు పెట్టి దొర్లించాలి. వెనక మిగిలిపోయిన గొట్టాన్ని తీసి గబగబా ముందు పెట్టడం నా పని. నెట్టేది ఆర్విడ్, ఎదురింటి డేల్, డేల్ తమ్ముడు. కారు గోడ చేరాక ఆర్విడ్ పెద్ద కాఫీ కెటిల్ తెచ్చేవాడు, నేను ఆపిల్ కేకు ముక్కలు పళ్ళెంలో పెట్టేదాన్ని. నెట్టుడు అరగంట, కాఫీ పొద్దుగూకేదాకా. అతని భార్య మార్జీ పోయాక ఆ ఇంట్లో నలుగురి గొంతులు వినబడేది ఏడాదిలో ఆ రెండు రోజులే. మా ఆయన పోయాక నాకూ అంతే, దాచుకోవడమెందుకు.

కిందటేడు వసంతంలో కారు జరిపాక డేల్ నడుం పట్టుకుని నిలబడ్డాడు.

“దీన్ని నువ్వు బాగుచేసేలోగా ఎవరో నన్ను బాగుచెయ్యాల్సొచ్చేట్టుందయ్యా. మళ్ళీసారికి దానంతటదే నడిచే ఉపాయం చూడు, ఆర్విడ్.”

అందరం నవ్వాం. డేల్‌కు నోరు ఊరుకోదు గానీ మనసులో ఏమీ ఉండదు. ఆర్విడ్ కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత చాలాసేపు డేల్ నడుము వైపే చూశాడు.

ఆ వేసవంతా అతని గ్యారేజీలో రంపం మోగింది. మూతపడిన మా బడి సామాను వేలం వేస్తుంటే వెళ్ళి, కాళ్ళకు చక్రాలున్న భోజనాల బల్లలు కొనుక్కొచ్చాడు. ఆ బడిలో వంట చేసినదాన్ని, వాటి సంగతి నాకు తెలుసు. చేత్తో ఇలా అంటే చాలు, పరిగెత్తేవి. ఆర్విడ్ బల్లలు పక్కన పడేసి చక్రాలు ఊడదీసుకున్నాడు. దూలం ముక్కలు కోసి, జతలుగా బిగించి, అడుగున నాలుగేసి చక్రాలు వేశాడు. పైన కారు అంచు ఒదిగేలా గాడి తీసి, గీరుకోకుండా అందులో పాత తివాచీ ముక్క అంటించాడు. కారును జాకీతో లేపి, నాలుగు మూలలా అలాంటి పీటలు నాలుగు పెడితే సరి.

ఆకులు రాలిపోయాయి. నేను కేకు చేసి పెట్టుకున్నాను. ఫోను మోగలేదు. ఓ పొద్దున్న లేచేసరికి మంచు పడివుంది, ఆర్విడ్ ట్రక్కు జాడలు తిన్నగా గ్యారేజీలోకి వెళ్ళివున్నాయి. అంటే మమ్మల్ని పిలవకుండానే కారు గోడ చేరిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడో అతని దగ్గర తెచ్చుకున్న పార ఒకటి వెతికి పట్టుకుని, తిరిగిచ్చే వంకతో వెళ్ళాను.

అతను ముందు కారు చూపించాడు. ఒక్క వేలితో తోశాడు. అంత బరువూ చప్పుడు లేకుండా జరిగింది, మళ్ళీ వెనక్కొచ్చింది.

“ఇంకెవరినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు, లవాన్,” అన్నాడు.

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. అప్పుడు బల్ల మీద పెద్ద కెటిల్ కనబడింది, నిండుగా, చల్లారిపోయి. నేను చూడటం అతనూ చూశాడు.

“అలవాటుకొద్దీ పెట్టేశాను. కాఫీ దిగేలోపే కారు జరగడం అయిపోయింది.”

ఆ చల్లటిదే ఓ కప్పు పొయ్యమని, నిలబడే తాగేసి వచ్చాను. కూర్చోమని అతను అనలేదు, కూర్చుంటానని నేనూ అనలేదు. పార ఇచ్చేశాను, ఇంకేం పనుంది?

డేల్‌ను దారిలో పట్టుకుని దులిపేశాను. తను సరదాకన్నానన్నాడు, నడుముకేమీ లేదన్నాడు. అయితే వెళ్ళి ఆ మాటే చెప్పమన్నాను.

“పిలవందే ఎలా వెళ్తాను?” అన్నాడు డేల్.

ఏమంటాం? అందరం ఆ మట్టిలో పుట్టినవాళ్ళమే. ఆ చలికాలమంతా ఆర్విడ్ గ్యారేజీ కిటికీలో దీపం వెలిగేది, లోపల రేడియో ఒక్కటే మాట్లాడేది. నేను మా వంటింట్లోంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఇద్దరి మధ్యా పాతిక అడుగులు కూడా లేవు.

మంచు కరిగాక ఫోను మోగింది. వెనక పీటకు చక్రమొకటి ఊడిందట, ఎక్కడ పడిందో కనబడటం లేదట, వీలుంటే ఓ చెయ్యి వెయ్యమన్నాడు. అందరికీ వీలైంది. చక్రంలేని మూల చెక్క నేలను గీరుకుంటూ మొరాయించింది. డేల్ నడుం పట్టుకుని అన్ని తిట్లూ తిట్టాడు. కారు నడిమధ్యకు చేరేసరికి కాఫీ వాసన వస్తోంది.

కప్పుల కోసం అర దగ్గరికి వెళ్ళి కాఫీ డబ్బా జరిపాను. దాని వెనక చక్రం ఉంది. తుడిచి, నూనె రాసి, దాని నాలుగు మరలూ పోకుండా తీగతో కట్టి గుడ్డలో పెట్టివుంది.

“ఆ చక్రం మళ్ళీ మంచు పడేలోగా దొరికేట్టేనా?” అని డేల్ అడుగుతున్నాడు.

ఆర్విడ్ నా చేతిలో డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడిలా. డబ్బా ఎక్కడిదక్కడ పెట్టేసి కప్పులు దించాను.

“దొరకదు,” అన్నాను. “నేనూ వెతికాను.”