మేస్టారు తన మీద వేసుకున్న తప్పు

మా కొబ్బరి తోట బడి మేస్టారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కబురు విని ఏడ్చాను. ఇంట్లో మా చిన్నది టీచరు ట్రైనింగుకి వెళ్లడానికి పెట్టె సర్దుకుంటోంది. అది చూస్తే ఆ ఏడుపులోనే సంతోషం పొంగింది. ఏం చెప్పను, ఆ చదువు ఆయన చలవే.

అవి మలయాలో, అడవుల్లోని కమ్యూనిస్టుల మీద సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. తోట చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. పట్నం బడిలో మలాయి, చీనా పిల్లలకి పెద్ద భవనం. తోటల నుంచి వెళ్లే మన పిల్లలకి వెనకాల వేరే రేకుల షెడ్డు. ఇది కూడదని కోర్టుకెక్కడానికి మేస్టారు ఇల్లిల్లూ తిరిగారు. దావాకి ఒక తండ్రి పేరు, అతని ఐసీ, అంటే గుర్తింపు కార్డు నంబరు కావాలి.

ఐసీ లేకుండా గేటు దాటితే పోలీసులు జీపెక్కించేవారు. అలాంటి దాని నంబరు ఎవరిస్తారు? పైగా ఆయన ఎవరింట్లోకీ వచ్చేవారు కాదు. మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టి రాసుకునేవారు. అడవిలో కమ్యూనిస్టుల మనిషా, పోలీసుల మనిషా అని అందరికీ గుబులు. నాకూ అంతే. అయినా మా చిన్నదాని చదువు కోసం నంబరిచ్చాను.

“నంబరు ఇచ్చీసినావేటి? రేపు జీపొస్తే నానేటి సెప్పాల?” అంది మా ఆవిడ.

“నాకు తెల్సు, ఊరుకో లా,” అన్నాను మలాయి యాసలో.

మేస్టారికి చివరి అంకె మార్చి చెప్పాను. ఏదైనా అయితే ఆ కాగితం నాది కాదనొచ్చని.

కోర్టులో అవతలి లాయరు నా కార్డు చూశాడు. నంబరు కలవలేదు, దావా కొట్టేయమన్నాడు. మేస్టారు లేచి, “రాసినవాణ్ణి నేను. తప్పు నాది,” అన్నారు. జడ్జి అందరి ముందూ ఆయన్ని చివాట్లు పెట్టి, దిద్దుకోమన్నాడు.

బయటికొచ్చాక, “అంకె నానే మార్చినాను మేస్టారూ,” అన్నాను.

“తెల్సు బాబూ. సెప్పినప్పుడు గోడకేసి సూసినావు.”

“మరెందుకు రాసినారు?”

“అందరూ తలుపులేసీసినారు. నువ్వొక్కడివే, అబద్ధమైనా సెప్పినావు.”

గెలిచాం. పెద్ద భవనంలో మొదటి రోజు మేస్టారూ నేనూ ఇద్దరం తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాం. మా చిన్నదాన్ని ఎప్పుడు లేపి పంపేస్తారోనని నా అనుమానం నాది. బెంచీ మీదున్న చీనా పిల్ల దాన్ని చూసి, తన పుస్తకాలు గబగబా దగ్గరికి లాక్కుంది. పక్కన కూర్చోనివ్వదనుకున్నాను. ఆ పిల్ల లాక్కున్నది చోటివ్వడానికి. మా చిన్నది కూర్చుంది. మేస్టారు కిటికీ ఊచ పట్టుకుని, ఎండ నెత్తి మీదికొచ్చినా అలా చూస్తూనే ఉన్నారు.