నా లేసు గురించి అడిగిన ఆడిటర్ గారు

నరసాపురంలో నేను ముగ్గురు ఆడిటర్లని చూశాను. మొదటాయన నా మొహమైనా చూడకుండా "మీవారిని తీసుకురండమ్మా" అన్నాడు. మావారు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటారు, ఆయనకీ లేసుకీ ఏంటి సంబంధం? రెండో ఆయన గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టి, గుమస్తా చేత కాగితాల లిస్టు ఇప్పించి పంపేశాడు. మూడో ఆయన అరవై దాటిన పెద్దమనిషి. కుర్చీ చూపించి, "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగారు.

అంతే, పడిపోయాను.

మొగల్తూరులో మా చుట్టుపక్కల ఆడవాళ్ళ చేత లేసు అల్లించి బయటికి పంపడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్ళు. అన్నేళ్ళలో మా ఇంట్లోవాళ్ళతో సహా ఏ మగాడూ ఇదెలా చేస్తావని అడిగిన పాపాన పోలేదు. ఈయన అడిగారు. ఏ నంబరు దారం, ఒక టేబుల్ క్లాత్‌కి ఎన్నాళ్ళు పడుతుంది, ముక్కలు కలిపి కుట్టడంలో చెయ్యి తిరిగినవాళ్ళెవరు, సరుకు కొనే ఢిల్లీ పార్టీ ఏ డిజైను మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. డాక్టరుకి చెప్పుకున్నట్టు అన్నీ చెప్పాను. శాంపిల్ ముక్కలు కూడా పట్టుకెళ్ళి మురిసిపోతూ చూపించాను. "లెక్కలు చూడాలంటే పని తెలియాలి కదమ్మా" అనేవారు. ఆహా, ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన పనికి వంక పెట్టడానికి లేదు. రిటర్నులు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు.

లెక్కలు ఆయనకిచ్చిన నాలుగో ఏడు ఢిల్లీ నుంచి ఆర్డరు రాలేదు. మా ఇరవైమంది పనీ ఆ ఒక్క పార్టీ మీదే నడిచేది. ఫోన్ చేస్తే "ఈసారికి అక్కర్లేదు మేడమ్" అని పెట్టేశారు. ఆ వారంలోనే, నా దగ్గర అందరికన్నా నేర్పరి, పదేళ్ళుగా నాతో ఉన్న మనిషి, వాళ్ళ అరుగు మీద అల్లుతూ కనిపించింది. చేతిలో ఉన్నది నా డిజైనే. నేను ఇచ్చిన పని మాత్రం కాదు.

"ఎవరిదే ఇది?" అన్నాను.

"ఆడిటర్ గారి కోడలు గారిదండి. ఢిల్లీ పంపుతారంటండి." నా మొహం చూసి సూది ఆపేసింది. "మీకు తెలిసే ఇచ్చారనుకున్నామండి. మీ పేరు చెప్పుకునే వచ్చారు కదండీ."

ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కి తిన్నగా ఆయన ఆఫీసుకెళ్ళాను. ఎప్పటిలాగే కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

"నమ్మి చెప్పుకుంటే ఇంత అన్యాయమా అండి?" అని అరుద్దామనుకున్నాను. గొంతు ఏడుపుగా వచ్చింది. అదొక సిగ్గు.

"అన్యాయం ఏముందమ్మా? కోడలు ఖాళీగా ఉంది, ఏదో చేసుకుంటోంది. లేసు మీ ఒక్కరి సొత్తా? నా పనిలో ఏమైనా లోటు చేశానా, మీరే చెప్పండి."

నా కాగితాలన్నీ ఆయన బీరువాలో భద్రంగానే ఉన్నాయి. నోరారా చెప్పినవే కోడలి చేతికి వెళ్ళాయి.

భీమవరంలో ఇంకో ఆడిటర్ని చూసుకున్నాను, ఈసారి ఆడమనిషిని. కొత్తగా లెక్కలు తీసుకునేటప్పుడు పాత ఆడిటర్‌కి ఉత్తరం రాసి, అభ్యంతరం లేదని జవాబు తెప్పించుకోవాలట, వాళ్ళ పద్ధతి. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. ఆయనకి అభ్యంతరమేమీ లేదట. నాతో ఇన్నాళ్ళు పనిచేయడం సంతోషమట. నా వ్యాపారం బాగా వృద్ధిలోకి రావాలట.

"మంచాయనలా ఉన్నారండి" అంది కొత్తావిడ, ఉత్తరం మడుస్తూ. "సరే, ఈ ఏటి అమ్మకాల బిల్లులు ఇవ్వండి."

"లేవండి" అన్నాను. "అవిప్పుడు ఆయన కోడలు రాస్తోంది."