తూర్పున డొంక

పోయిన వారం నంద్యాలలో కంటి ఆస్పత్రి బెంచీ మీద, చుక్కలమందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. చీటీలు చూసే అమ్మాయి నా పేరు పిలిచింది. లేచేలోపు రెండోసారి పిలిచింది. ఆ రెండో పిలుపుకు కళ్లు తెరవకుండానే దిగ్గున లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లయినా అంతే. ఆళ్లగడ్డ కోర్టులో బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచిన రోజు గుర్తొస్తుంది. మొదటి పిలుపుకు వరండాలో ఉన్నాను. రెండో పిలుపుకు గుమ్మం దాకా వచ్చాను. మూడోసారి "వెంకటసుబ్బయ్యా..." అని అతను సాగదీసేసరికి హాల్లో అందరూ తలలు తిప్పి చూశారు. చేతిలోని నోట్‌బుక్కు అట్ట చెమటకు మెత్తబడింది. బోనెక్కగానే ఎదుటి పక్షం వకీలు ఒక పేపరు ముక్కను పైకెత్తి, "ఈ వార్త రాసింది మీరేనా?" అని అడిగాడు. నేనే రాశాను. అందులో ఒక్క అక్షరం తప్పు పడింది. ఆ అక్షరం మీద ఒక ఆడమనిషి రెండెకరాల చేను ఆధారపడి ఉంది.

ఈ సంగతి అర్థం కావాలంటే ఆమె తరఫు వకీలు ఓబులేసు గారి గురించి చెప్పాలి. నంద్యాల కోర్టు వెనక సందులో మూడు గదుల ఆఫీసు ఆయనది. వారంలో రెండు రోజులు ఆళ్లగడ్డ కోర్టుకు బస్సులో వెళ్లేవారు. భూమి తగాదాలు, భాగపరిష్కారాలు, దారి హక్కులు ఆయన చూసేవారు. మనోవర్తి, విడాకులు, రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం ఆయన జూనియర్ నస్రీన్ బల్ల మీదికి వెళ్లేవి. కొట్లాట కేసులు పట్టుకుని ఎవరైనా వస్తే టీ తాగించి పంపేసేవారు. "నాకు చేన్లు తెలుసప్పా, కత్తులు తెల్లవు. ఇంగో వకీలుని చూసుకోపో" అనేవారు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లే గానీ కోపగించుకోవడం నేను చూడలేదు.

నేను ఒక దినపత్రికకు ఈ రెండు ఊళ్ల కోర్టు వార్తలు రాసేవాణ్ణి. తొలిసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంటి చెక్కుబందీ చెప్పు." దస్తావేజులో ఆస్తికి నాలుగు దిక్కులా ఏముందో రాసే హద్దులను మా వైపు చెక్కుబందీ అంటారు. తూర్పున రోడ్డు, పడమర దర్జీ కొట్టు, దక్షిణాన ఖాళీ జాగా అని చెప్పి ఆగిపోయాను.

"ఉత్తరం ఏముండాది?"

"చూడలేదు సార్."

"ఎన్నేండ్లుగా ఉండావా ఇంట్లో?"

"ఆరేళ్లు."

"ఆరేండ్లు ఉండి ఇంటెనక గోడ చూడనోనివి, ఊరి సంగతులన్నీ రాస్తాండావా!"

పక్క గదిలో నస్రీన్ నవ్వు వినిపించింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రం ఇంటి వెనక్కి వెళ్లి చూశాను. అక్కడ ఎవరిదో ఎండిన బావి ఉంది.

అది ఆయన పని పద్ధతి అని తర్వాత తెలిసింది. కక్షిదారు ఎవరొచ్చినా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చెక్కుబందీ చెప్పించుకునేవారు. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మూడుసార్లూ ఒకేలా చెప్పినా సరే, వెళ్లి ఆ చేలో నిలబడి చూడకుండా దావా రాసేవారు కాదు. ఈలోగా తక్కిన వకీళ్లు రెండు దావాలు వేసేసేవారు. జనం విసుక్కునేవారు, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు.

మద్దిలేటమ్మ అలా వచ్చిన మనిషే. రుద్రవరం వైపు ఒక ఊళ్లో ఆమెకు రెండెకరాల శనగ చేను ఉంది. భర్త పోయాక ఒంటరిగానే సేద్యం చేసేది. ఆ చేలోకి వెళ్లడానికి తూర్పున ఉన్న డొంక ఒక్కటే దారి. పక్క చేని ఆసామి దానికి అడ్డంగా కంచె వేశాడు. అది డొంక కాదు, వంక, అంటే బండిబాట కాదు, వాననీళ్లు పోయే వాగు అని అతని వాదన. పాత భాగపరిష్కార పత్రం తీసి చూస్తే తూర్పు హద్దు దగ్గర మొదటి అక్షరం మీద సిరా పాకిపోయింది. చివర 'ంక' మాత్రం స్పష్టంగా మిగిలింది.

దావా వేయకముందే ఆమె నాకు ఫోన్ చేసి గోడు చెప్పుకుంది. నేను ఆళ్లగడ్డ బస్టాండులో ఉన్నాను. బస్సుల రొదలో విన్నది విన్నట్టు నోట్‌బుక్కులో రాసుకుని, అక్కడి నుంచే నాలుగు వాక్యాల వార్త పంపాను. 'తూర్పున ఉన్న వంకకు అడ్డంగా కంచె వేశారని మద్దిలేటమ్మ వాపోయారు' అని మర్నాడు అచ్చయింది. ఆమెకు మేలు చేశాననే అనుకున్నాను. కేసు విచారణకు వచ్చాక ఆసామి ఆ ముక్కను కోర్టులో పెట్టాడు. వంక అని ఆమె నోటితోనే చెప్పింది, కావాలంటే రాసినవాణ్ణి పిలిచి అడగండి అన్నాడు. నాకు సమన్లు వచ్చాయి.

తర్వాత పది రోజులు అన్నం సయించలేదు. డెస్కులో అచ్చుతప్పు పడిందని చెప్తే అయిపోతుంది కదా అని రోజుకు పదిసార్లు అనుకున్నాను. కానీ నోట్‌బుక్కులో నా చేతిరాతతోనే 'వంక' అని ఉంది. దాన్ని పారేస్తే? పాత నోట్‌బుక్కులు ఎవరు దాచుకుంటారు? ఆ పేజీని ఎన్నిసార్లు తీసి చూశానో. చివరికి ఓబులేసు గారి దగ్గరికి వెళ్లాను. మద్దిలేటమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"నేను డొంక అంటి కద నాయనా. నీకు వంక అని యాడ ఇనపడె?"

"బస్టాండులో ఉన్నానమ్మా, ఆ రొదలో..." అన్నాను.

"బస్టాండులో అమ్మేది వింటా, నా మాట వింటా, రెండూ చేస్తివా?"

"గమ్మునుండమ్మా" అని ఓబులేసు గారు ఆమెను కూర్చోబెట్టి నా వైపు తిరిగారు. "నువ్వు వాళ్లు పిలిపిచ్చిన సాక్షివి. నీతో నేను ఈ మాట మాట్లాడకూడదు. నోట్‌బుక్కు ఉండాదా?"

"ఉంది సార్. దాంట్లో..."

"చెప్పొద్దు." చెయ్యి అడ్డం పెట్టారు. "ఏముండాదో నాకొద్దు. తీసుకోని రా, అంతే."

ఆ పుస్తకంలో ఏముందో నా ముఖం చూసే ఆయనకు తెలిసిపోయిందని ఇప్పటికీ నా అనుమానం. అది కోర్టుకు చేరితే నష్టం తన కక్షిదారుకే. అచ్చుతప్పు అని నేనంటే లాభమూ ఆమెకే. ఒక్క కనుసైగ చాలు, నేను ఆ పేజీ చింపేసి ఉండేవాణ్ణి. ఆయన తలెత్తకుండా వేరే కాగితాలు చూసుకున్నారు.

బోనులో ఎదుటి వకీలు అడిగాడు, "ఆమె చెప్పిందే రాశారా?"

"ఫోన్లో నాకు వంక అని వినిపించింది. అదే రాసుకున్నాను. ఇదిగో." నోట్‌బుక్కు అందించాను. వెనక వరసలో మద్దిలేటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆసామి నవ్వాడు.

ఓబులేసు గారు లేచారు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "ఆ చేను మీరు చూసినారా?"

"లేదు."

"వార్త రాసేముందు గానీ, రాసినాక గానీ?"

"ఎప్పుడూ చూడలేదు."

ఆయన కూర్చున్నారు. కోర్టు వార్తలు రాసే నేను, చూడకుండా రాశానని కోర్టులోనే ఒప్పుకున్నాను. బోను దిగి వస్తుంటే తోటి విలేఖరులు పక్కకు తిరిగి మాట్లాడుకున్నారు.

మెట్ల దగ్గర ఆయన నన్ను ఆపి, "రేపు పొద్దున బేగా రా. చేను చూద్దువు" అన్నారు. వెళ్లాం. కంచె ఇవతల నిలబడి చూశాను. రెండు గట్ల మధ్య పల్లంగా ఉన్న బాట. అందులో బండిచక్రాల గాడులున్నాయి. ఆ గాడుల్లోనే నీళ్లు ఈడ్చుకొచ్చిన గులకరాళ్లూ ఉన్నాయి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచాను.

"ఇప్పుడు చెప్పు, ఏందిది?"

"తెలియడం లేదు సార్."

"నాకూ తొలిరోజు తెల్లేదు" అన్నారు ఆయన, గట్టు మీద కూర్చుంటూ. "వానొస్తే నీళ్లు ఈడనుంచే పోతాయి. నీళ్లు తగ్గితే బండీ ఈడనుంచే పోతాది. రెండూ నిజమే. కోర్టుకు ఒక మాటే కావల్ల. ఆమెకు చేలోకి పోను దారి కావల్ల. అందుకని నేను బండి గురించి అడుగుతాండా. నువ్వు మాత్రం చూసిందంతా రాయల్ల. నీ పని నాదానికంటే కష్టం కదప్పా."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూడని చోటు గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఫోన్లో విన్న పేరును మళ్లీ అడిగి, అక్షరాలు విడదీసి పలికించుకుని రాసుకునేవాణ్ణి. ఆలస్యమైందని ఆఫీసులో తిట్లు తిన్నాను. అలవాటు పోలేదు, దానితోపాటు వచ్చిన భయమూ పోలేదు. ఉత్తరం రాసినా పోస్టు చేసేముందు ఒకసారి విప్పి చూసుకుంటాను.

ఓబులేసు గారు పోయాక ఆఫీసు నస్రీన్ నడుపుతోంది. ఈమధ్య ఇంటర్నెట్‌లో ఆఫీసుకు ఒక పేజీ పెడుతూ, నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగింది. సంతోషంగా రెండు పేజీలు రాసుకెళ్తే సగానికి పైగా కొట్టేసింది.

"మమ్మల్ని మేం పొగుడుకోకూడదన్నా, వకీళ్లకు అట్లాంటి నియమం ఉండాది. ఏ కేసులు చూస్తామో అది రాయి చాలు."

"మరి మీ బలం ఏమిటో జనానికి ఎలా తెలుస్తుంది?"

"అది యాడన్నా నీ రాతల్లో రాసుకో. మా పేజీలో వద్దు."

అందుకే ఇక్కడ రాశాను.

మద్దిలేటమ్మ కేసు ఆళ్లగడ్డ కోర్టులో గెలిచింది. ఆసామి నంద్యాలలో అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నాడు, కంచె అలాగే ఉండిపోయింది. అది డొంకో వంకో వెళ్లి చూసి రమ్మని అప్పీలు కోర్టు ఒక వకీలును కమిషనరుగా వేసింది. ఆయన వెళ్లిన రోజు వాన. బాటలో మోకాలిలోతు నీళ్లు పారుతుంటే, నీళ్లు తగ్గాక వస్తానని చెప్పి వెనుదిరిగాడు. మళ్లీ వెళ్లలేదు, రిపోర్టు ఇవ్వలేదు. ప్రతి వాయిదాకూ నస్రీన్ గుర్తు చేస్తూనే ఉంది. మద్దిలేటమ్మ ఈ ఏడు కూడా శనగ విత్తలేదు.