అమ్మ వేసిన సాలు

పక్షవాతంతో అమ్మ కుడిచెయ్యి పడిపోయినప్పుడు ఊళ్లో సలహా ఇవ్వనివాళ్లు లేరు. ఒకరు నాటు మందన్నారు, ఇంకొకరు పావురం రక్తమన్నారు. అమ్మకు మాత్రం ఒకటే దిగులు. మా నల్లమాడ పక్క చేలల్లో ఎద్దుల గొర్రు వెనక నడుస్తూ, గొట్టంలో శెనక్కాయ గింజలు వదిలేది ఆడవాళ్లే. అమ్మ వేసిన సాలులో మొలకలు దారం పట్టి నాటినట్టు వస్తాయని పేరు. "వానొచ్చేసరికి ఈ చెయ్యి లేస్తాదా?" అని రోజూ అడిగేది. ట్రాక్టరుతో వేయిద్దాంలే అన్నానొకసారి. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

కదిరి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు చెయ్యి పరీక్షించి, ఏమేం చేయించాలో చెప్పాడు. రోజూ అంత దూరం తీసుకురాలేనని నేను మొత్తుకుంటే, "మీ పక్క ఊళ్లోనే మా అసిస్టెంటు ఉండాదమ్మా. నేను చెప్పింది ఇంటికొచ్చి చేయిస్తాది" అన్నాడు. చెయ్యి పట్టే మనిషి కోసం అప్పటికే నాలుగూళ్లు గాలించినదాన్ని, పక్క ఊరి సంగతి తెలియనందుకు నాకు ఒళ్లు మండింది.

ఆమె వచ్చే రోజు మేము చేసిన ఏర్పాట్లు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బాలింతకైనా, బెణికిన కాలికైనా ఒళ్లు పట్టే మనిషి వస్తుందంటే చాప పరిచి, ఆముదం వెచ్చబెట్టి, పాత చీర కట్టుకుని కూర్చోవడం మా వాడుక. అమ్మ అలాగే కూర్చుంది. స్కూటీ దిగి లోపలికొచ్చిన ఆ అమ్మాయి గిన్నె వైపు చూసి, "ఆముదం మళ్లీ సీసాలో పోసెయ్యక్కా. నేను రుద్దేదాన్ని కాదు" అంది.

"మరేం చేస్తావు పాపా?" అంది అమ్మ.

"చేసేది నువ్వే పెద్దమ్మా. నేను చేయిస్తా. నేను చేస్తే బలం నాకొస్తాది, నీకు రాదు."

అన్నట్టే చేయించింది. మోచెయ్యి కింద తన అరచెయ్యి ఆనించి, వేళ్లు మాత్రం అమ్మనే చాపమనేది. అమ్మ నీళ్ల గ్లాసు వైపు చెయ్యి కదిపితే చాలు, నేను పరుగెత్తి అందించేదాన్ని. "నువ్వు కూచోక్కా. నీ మంచితనమే ఆయమ్మ చేతికి అడ్డం" అని గద్దించింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. రెండు మాటలన్నాను. అయినా మర్నాడు అదే వేళకు వచ్చింది.

ఒకరోజు అమ్మ ఆమెనే అడిగింది, ఈ వానకు విత్తనం వేయగలనా అని.

"అది చెప్పాల్సింది నేను కాదు పెద్దమ్మా. సారును అడిగి చెప్తా."

ఆ మాత్రం చెప్పలేని మనిషి దేనికి అనుకున్నాను. అంతలో ఆమె వసారాలో నిలబడి ఫోనులో ఆయనతో మాట్లాడడం వినబడింది. ఏ వేలు వంగుతోంది, ఎక్కడ నొప్పంటోంది, ఎంతసేపటికి అలిసిపోతోంది, అన్నీ చెప్పింది. ఎప్పుడో ఒకసారి చూసే ఆయనకు అమ్మ చెయ్యిని రోజూ కళ్లకు కట్టినట్టు చెబుతున్నది ఈమేనని అప్పుడుగానీ నా తలకెక్కలేదు. పక్కన మనిషి ఉంటే ఒక్క సాలు వేయవచ్చని ఆయన ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి చాటలో గింజలు పోసి ఒక్కొక్కటే తీయించింది. ఆమె వెళ్లిపోయాక కూడా అమ్మ తీస్తూనే ఉండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని నేను ఏడిపించేదాన్ని.

వాన పడింది. చిన్నాయన ఎద్దులు తోలుతుంటే అమ్మ ఒక్క సాలు వేసి గట్టు మీద కూలబడింది.

మొలకలొచ్చాక చూస్తే, ఆ సాలు ఒకచోట గుత్తులు, ఒకచోట బోసి. అమ్మ దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది. గబగబా కొంగులో గింజలు పోసుకుని, బోసిచోట పెట్టడానికి వంగాను.

"అమ్మీ, ఆ గింజలు ఇట్ల తే" అని అమ్మ కుడిచెయ్యి చాపింది. "నువ్వు పోయి గట్టున కూచో. నీ మంచితనం నా చేతికి అడ్డం."

కళ్లు తుడుచుకుని, పోయి కూర్చున్నాను.