తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల

నా మేనకోడల్ని నేను చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాను. ఈ మాట మనవాళ్ళ దగ్గర అంటే ఎవరూ ఉలిక్కిపడరు. ‘‘ముందు బిడ్డ దక్కలేదా?’’ అని అడుగుతారు, అంతే. ముందు కాన్పు బిడ్డ పురిట్లోనే పోతే, తర్వాత పుట్టినదాన్ని చేటలో పడుకోబెట్టి, పొరుగువాళ్ళకో బంధువులకో తవుడుకి అమ్మేస్తారు. కొన్నవాళ్ళు కాసేపు ఒళ్ళో పెట్టుకుని, ‘‘మా బిడ్డని మీరు పెంచండి’’ అని మళ్ళీ తల్లికే అప్పజెబుతారు. అంత చవగ్గా పోయిన బిడ్డ మీద చావుకి కూడా ఆశ ఉండదని నమ్మకం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా ఇంట్లో అది పనిచేసింది. చావు ఆ పిల్ల జోలికి రాలేదు. మనీలా విమానాశ్రయంలో కౌంటరు వెనకాల కూర్చున్న ఒక నవ్వుమొహం ఆవిడ వచ్చింది.

మాది సాలూరు. మా నాన్న బతికుండగానే కొండెక్కి వచ్చి అరకులో రోడ్డు పక్కన టిఫిన్ హోటలు పెట్టాడు. ఆయన పోయాక అమ్మా నేనూ నడిపాము. నాకు పిల్లల్లేరు, పిల్లల్లేరని వెళ్ళిపోయిన మొగుడి గురించి ఇక్కడ ఒక ముక్క కూడా దండగ. మా తమ్ముడు గల్ఫులో ఒక హోటలు వంటగదిలో పనిచేస్తూ, అదే హోటల్లో గదులు సర్దే ఫిలిపినో పిల్లని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. మా అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, ‘‘ఏటి తింటాదిరా ఇది?’’ అని అడిగింది. అది ఏం పెడితే అది తింది. చోడి అంబలి తాగింది, ఎండు చేపలు మాకంటే బాగా వండింది. మా పొయ్యి దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి మా తెలుగే వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన టూరిస్టుల దగ్గరికెళ్ళి, ‘‘ఏటి కావాలండి, బేగి సెప్పండి’’ అంటే వాళ్ళు ఇడ్లీ మర్చిపోయి ఫోన్లు తీసేవారు.

మొదటి బిడ్డ పుట్టి రెండో రోజునే పోయింది. రెండోది విశాఖ ఆసుపత్రిలో పుట్టింది, మూడో నెలలో దానికి ఫిట్సు వచ్చాయి. మందులు వాడుతూనే ఉన్నాము. కానీ మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. ఒక మంగళవారం పొద్దున్న చేట కడిగి, పసుపు రాసి, పిల్లని అందులో పడుకోబెట్టి, ‘‘ఒలే, కొంటావేటే ఈ గుంటని?’’ అని నా మొహాన అడిగింది. నేను తవుడు పోశాను, పిల్లని ఎత్తుకున్నాను. మా మరదలు ఒక పక్క గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటూ, ఇంకో పక్క నవ్వాపుకోలేక, అదంతా ఫోనులో ఫొటోలు తీసింది. నాకు కూడా పంపింది. ఒక ఫొటోలో మా అమ్మ రెండు చేతులతో చేట చాపి ఉంటుంది, అందులో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తూ ఉంటుంది, నేను పళ్ళన్నీ బయటపెట్టి తవుడు గంప అందిస్తూ ఉంటాను. ఆ ఫొటో నాకెంత ఇష్టమో చెప్పలేను.

పిల్ల బతికింది. బతికి మమ్మల్ని కాల్చుకు తింది. చెప్పిన మాట వినదు, కాఫీ గింజలు ఆరబోస్తే వాటి మీద పొర్లుతుంది, ఎవరి మేక కనబడితే దాని చెవులు పట్టుకుంటుంది. దాన్ని లొంగదీసే మంత్రం నా దగ్గర ఒకటే ఉండేది. ‘‘ఉండు, నా తవుడు నాకిచ్చీమని మీ నాన్నమ్మతో సెప్పేత్తాను. తవుడిచ్చీసిందంటే నువ్వు నాకక్కర్నేదు, పో’’ అనేదాన్ని. అంతే, పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు వాటేసుకునేది. ‘‘ఇవ్వొద్దని సెప్పు అత్తా, తవుడు తీసుకోకు అత్తా’’ అని బతిమాలేది. హోటలుకొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది, మా అత్త నన్ను కొనుక్కుంది, మిమ్మల్ని ఎవరైనా కొన్నారా అని. అందరూ నవ్వేవాళ్ళు. నేను అందరికంటే ఎక్కువ నవ్వేదాన్ని.

దానికి అయిదో ఏడు నడుస్తుండగా మా తమ్ముడు ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి పోయాడు. మా మరదలు పిల్లని తీసుకుని, తల్లిని ఒకసారి చూసి వస్తానని వాళ్ళ దేశం వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే ఏడాది ఉండిపోయింది. తర్వాత ఒక రోజు ఫోన్ చేసింది. ‘‘వదినా, నాకు మల్లీ గల్ఫులో పని దొరికింది. మా అమ్మ ఇంట్లో అప్పుడే నలుగురు పిల్లలున్నారు, కూడు సరిపోదు. ఇది పొద్దు లేత్తే అరకు అరకు అని ఏడుత్తంది. నువ్వొచ్చి తీసుకుపో, నీ దగ్గరే పెంచు’’ అంది. నేను ఆ ఫోను పెట్టేసి, పొయ్యి మీద మాడిపోతున్న అట్టు చూస్తూ కూడా తియ్యలేదు. పిల్ల నా దగ్గరికి వస్తోంది. అప్పుడు ఇంక వేరే ఏదీ నా బుర్రకెక్కలేదు.

అక్కడికి వెళ్ళాక తెలిసింది, పిల్లని విమానం ఎక్కించడం మా పెళ్ళిళ్ళు చెయ్యడం కంటే కష్టమని. పిల్లకి మన పాస్‌పోర్టు ఉంది, కానీ వాళ్ళ చట్టం ప్రకారం తల్లి ఫిలిపినో అయితే బిడ్డ పుట్టుకతోనే ఫిలిపినో. ఒక ఆఫీసులో చెప్పారు: విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చి ఆరు నెలలు దాటి ఉంది కాబట్టి, దేశం విడిచి వెళ్ళడానికి క్లియరెన్సు తీసుకోవాలి, దానికి ఫీజు కట్టాలి. కట్టాము. ఇంకో ఆఫీసులో చెప్పారు: తల్లి మా మనిషి కాబట్టి బిడ్డ కూడా మా బిడ్డే, తల్లీ తండ్రీ కానివాళ్ళతో వెళ్తోంది కాబట్టి శిశు సంక్షేమం వాళ్ళ అనుమతి తేవాలి, దానికి వేరే ఫీజు. మా పౌరులు బయటికి వెళ్తే కట్టే ప్రయాణపు పన్ను కూడా ఉంది, పిల్లలకి తగ్గించి తీసుకుంటాము అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కి, ‘‘మరి అక్కడ విదేశీ అని ఎందుకు కట్టించుకున్నారు?’’ అని మా మరదలి చేత అడిగించాను. ఆ గుమాస్తా ఎంతో మర్యాదగా, ‘‘అది పాస్‌పోర్టుకి మేడమ్, ఇది పిల్లకి’’ అన్నాడు. డబ్బు గుంజుకునేటప్పుడు ఒక ఆఫీసు అది మాది కాదంటుంది, ఇంకో ఆఫీసు మాదే అంటుంది. అన్నం పెట్టేటప్పుడు ఒక్కటీ కనబడదు. అన్నీ కట్టాము, అన్ని సంతకాలూ అయ్యాయి.

గల్ఫు కంపెనీ వాళ్ళు చెప్పిన రోజున చేరకపోతే ఆ పని పోతుందని మా మరదలు మాకంటే కొన్ని గంటలు ముందు బయల్దేరింది. మనీలా విమానాశ్రయంలోనే పిల్లని నా చేతికి ఇచ్చి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. వెనక్కి చూస్తే వెళ్ళలేదని నాకు తెలుసు. పిల్ల కూడా ఏడవలేదు. ‘‘అత్తా, మన మేకలున్నాయా?’’ అని అడిగింది. ఉన్నాయన్నాను.

కౌంటరు దగ్గర ఆవిడ కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిప్పి చూసింది. ఏదీ తక్కువ లేదు. ముద్ర వెయ్యడానికి చెయ్యి కూడా ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఆపి, పిల్ల వైపు వంగి, నవ్వుతూ, ఈవిడ నీకేమవుతుంది అని ఇంగ్లీషులో అడిగింది. తల్లీ తండ్రీ లేకుండా వేరేవాళ్ళతో వెళ్ళే పిల్లల్ని అలా అడుగుతారట. నా బంగారుతల్లి ఏడాది పాటు అక్కడ బడికెళ్ళి ఇంగ్లీషు దంచేస్తోంది కదా, ఎవరైనా ఏదైనా అడగడమే ఆలస్యం. ‘‘మై అత్త’’ అంది. అత్త అంటే ఏమిటని అడిగింది ఆవిడ. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మా హోటల్లో టూరిస్టులకి చెప్పినట్టే, నిండా గర్వంతో చెప్పింది.

‘‘షీ బాట్ మీ.’’

ఆవిడ నవ్వు చెక్కుచెదరలేదు, అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. అదే నవ్వుతో ఎవరి దగ్గర కొంది అని అడిగింది. మా నాన్నమ్మ దగ్గర అంది పిల్ల. ఎంతకి అని అడిగింది. తవుడుని ఇంగ్లీషులో ఏమంటారో దానికి తెలియదు. కాసేపు ఆలోచించి, ఆవులు తినేదానికి అని చెప్పింది. ఇంత, అని రెండు చేతులూ చాచి చూపించింది.

మమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్ళారు. పెద్దాఫీసరు వచ్చాడు. నా ఇంగ్లీషు ఇడ్లీ సాంబారుకి సరిపోయే ఇంగ్లీషు. ఇది మా ఆచారం, చావుని మోసం చెయ్యడానికి చేస్తాము, ఉత్తిత్తి బేరం అని నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, ‘‘ఇచ్చిపుచ్చుకోవడం అయితే జరిగింది కదా?’’ అన్నాడు. జరగలేదంటే పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. జరిగిందంటే నేను పిల్లల వ్యాపారిని అవుతాను. జరిగింది కానీ, అన్నాను. ఆయన ‘జరిగింది’ దాకా రాసుకున్నాడు.

అప్పుడు నాకు తట్టింది, ఫొటో ఉంది కదా అని. అది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, అర్థమైపోతుంది అనుకున్నాను. నా అంతట నేనే ఫోను తీసి, వెతికి, పెద్దది చేసి వాళ్ళ ముందు పెట్టాను. వాళ్ళు నలుగురూ తలలు దగ్గరకి చేర్చి చూశారు. చేటలో గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్ల, దాన్ని నాకు అందిస్తున్న ముసలామె, గంప చేతిలో పెట్టుకుని పళ్ళికిలిస్తున్న నేను. ఎవరూ నవ్వలేదు. ఒకామె నా ఫోను ఎత్తి ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

శిశు సంక్షేమం ఆవిడ ఒక బొమ్మ ఎలుగుబంటి తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. నిజం చెప్పావు, చాలా ధైర్యమున్న పిల్లవి అని బుగ్గ మీద ముద్దు పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లిగా చప్పట్లు కొట్టారు. పిల్ల మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, ‘‘నాను బాగా సెప్పేను కదా అత్తా?’’ అని అడిగింది. బాగా చెప్పావమ్మా అన్నాను. ఇంకేం అనను? ఆ ఎలుగుబంటిని చంకలో పెట్టుకుని ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఐస్‌క్రీమ్ కొనిస్తామన్నారు. గుమ్మం దాటేటప్పుడు నాకు చెయ్యి ఊపింది, ఇప్పుడే వచ్చేస్తానన్నట్టు.

పిల్ల తల్లి అప్పటికి గాల్లో ఉంది. విమానం దిగి ఫోను తీసి, ఏడ్చి, అది మా ఆచారం, ఆ ఫొటో తీసింది నేనే అని మొత్తుకుంది. చెప్పిందంతా రాసుకున్నారట. రాసుకుని, కేసు నమోదైంది కాబట్టి తల్లి స్వయంగా వచ్చి చెప్పాలి, అంతవరకూ పిల్ల వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉండాలి అన్నారు. నన్ను జైల్లో పెట్టలేదు, అది వాళ్ళ దయ. మర్నాడు ఫోను తిరిగిచ్చి, నన్నొక్కదాన్ని విమానం ఎక్కించారు. పిల్ల కోసం కట్టిన ఫీజులు అడిగితే, అవి వెనక్కి రావు మేడమ్ అన్నారు.

అరకులో బస్సు దిగితే మా అమ్మ ఎదురొచ్చింది. నా వెనకాల చూసింది, బస్సులోకి తొంగి చూసింది. ‘‘గుంటేదే?’’ అంది. జరిగింది చెప్పాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని విని, చివరికి ఒకే మాట అంది. ‘‘సంతలో మేకని కొన్నోళ్ళు దాన్ని ఇంటికి తోలుకురాకుండా ఉంటారేటే?’’ ఆవిడ నోరు అలాంటిది. వారం రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు.

వెనక్కి వెళ్ళి పిల్లని విడిపించమని మా మరదలిని రోజూ ఫోన్లో సతాయించాను. మొదట్లో వెళ్తాను వదినా అంది. తర్వాత సెలవు ఇవ్వట్లేదంది. ఒక రోజు నేను గట్టిగా అరిచేసరికి దానికీ ఒళ్ళు మండినట్టుంది. ‘‘తవుడిచ్చి కొన్నావని అది నీ కూతురైపోద్దేటి వదినా? కన్నది నాను’’ అంది. మా పొయ్యి దగ్గర నేర్చుకున్న తెలుగులోనే అంది. నేను ఫోను పెట్టేశాను. ఆ తర్వాత పిల్లని పంపే ఊసు అది ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మమ్మ దగ్గరే కుదురుకుంది, బడికి వెళ్తోంది, ఇంక కదపొద్దు అని మాత్రం చెప్పింది.

నెలకో రెండు నెలలకో ఆ అమ్మమ్మ వీడియో కాల్ చేసి పిల్లని చూపిస్తుంది. పొడుగైంది. మాటకీ మాటకీ మధ్య వెతుక్కుంటోంది, సగం వాళ్ళ భాష దొర్లుతోంది. మొన్న ఫోను మేకల వైపు తిప్పి చూపించాను. పెద్దగా చూడలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ‘‘అత్తా, నీ తవుడు నీకిచ్చీసేరేటి?’’ అని అడిగింది.

లేదమ్మా, ఎవరూ ఇవ్వలేదు, నువ్వు ఇంకా నా పిల్లవే అన్నాను. అది కళ్ళు మిటకరించి, లెక్క చూసుకున్నట్టు ఆలోచించింది.

‘‘అయితే అడిగి తీసీసుకో అత్తా’’ అంది. ‘‘నాను ఇక్కడే ఉంటాను.’’