కదిలించకు ప్రభువా!

ప్రభువునందు ప్రియమైన సహోదర సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు! పోయిన ఏడాది నా కడుపులో క్యాన్సర్ గడ్డ ఉందని పట్నంలో డాక్టర్లు చెప్పినప్పుడు మా ఇల్లంతా చీకటైపోయింది, మన హుజూర్‌నగర్ సంఘంలో అందరికంటే పెద్ద గొంతు నాదేనని మీకు తెలుసు కదా, ఆ గొంతులోంచి ప్రార్థనకు ఒక్క మాట రాలేదు!

కీమో ఎక్కించుకుని వచ్చి మంచం పట్టిన కొన్నాళ్లకు ఎడమ కాలు ఒక్కటే వాచి పిక్క రాయిలా బిగిసింది. కీమోకు గడ్డం రాలిపోయింది గానీ, గడ్డలు ఒకటికి రెండవుతున్నాయని నాకేం తెలుసు!

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని మన సంఘం అక్కలు మా ఇంటికి వచ్చారు. ప్రార్థించిన నూనె నుదుట రాసి వెళ్లడం మన అలవాటు, కానీ నా మీద ప్రేమకొద్దీ వాళ్లు పిక్కకు కూడా పట్టించి రుద్దడానికి కూర్చున్నారు. నాట్లు వేసే చేతులు, ఆ పట్టు మీరే ఊహించుకోండి! నేనూ సుఖంగా కాలు చాపి, ఇంకా గట్టిగా రుద్దమన్నాను.

అప్పుడే బయట నిలబడి దవాఖానకు ఫోన్ చేస్తున్న నా భార్య మరియమ్మ పరుగెత్తుకొచ్చి నూనె గిన్నె లాగేసుకుంది.

"కాలు ముట్టకుండ్రి అక్కా. అండ్ల నెత్తురు గడ్డ కట్టి ఉంటదట. పిసికితే గా గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతదట. పానానికే మోసమట."

వాళ్లలో పెద్దక్క చటుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. "అయ్యో, నీ పెనిమిటిని నేనే సంపుతుంటి గదనే."

"ఏడ్వకక్కా. గా చేతులు నెత్తి మీద వెట్టి ప్రార్థన చెయ్యి. బండి వస్తాంది."

పెద్దక్క నా తల పట్టుకుని, "ప్రభువా, గా గడ్డను కదలనియ్యకు, దవాఖాన చేరేదాంక నీ చేతుల వట్టుకో" అని మొరపెట్టింది. 'కదిలించు ప్రభువా' అని ఇన్నేళ్లు పాడిన మనమే ఆ రోజు దారి పొడుగునా 'కదిలించకు ప్రభువా' అని వేడుకున్నాం!

అది కదలలేదు సహోదరులారా, దేవునికే మహిమ! క్యాన్సర్ ఉన్నవాళ్లకు నెత్తురు తొందరగా గడ్డ కడుతుందని, దానికి కీమో, మంచం మీద కదలకుండా పడుకోవడం తోడయ్యాయని డాక్టరమ్మ చెప్పింది, గడ్డ పెరగకుండా పొట్టకు సూదులు వేసింది, తర్వాత మాత్రలిచ్చింది, మొన్నటి స్కానింగులో ఆ రక్తనాళం తేటగా కనబడింది!

క్యాన్సర్‌కు వైద్యం ఇంకా నడుస్తోంది, భయం లేదని మీ ముందు అబద్ధమాడను, అయినా ఆయన నన్ను విడువలేదు! మీ ఇంట్లో ఇలాంటి రోగికి ఒక్క కాలే వాచినా, ఆయాసం వచ్చినా, రుద్దకుండా వెంటనే దవాఖానకు బయలుదేరండి, ప్రార్థన ముగియాలని బండిని నిలబెట్టకండి. బండిలో మీ పక్కనే కూర్చుని వచ్చే దేవుడాయన, నమ్మి చూడండి!